ఇస్త్రీ చేసిన ముడతలు

బండారవెల
1999 ఫిబ్రవరి 9

అక్కా,

నీ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించిందని తలుస్తున్నాను. ఇక్కడ చలి ఇంకా వదల్లేదు. పొద్దున తొమ్మిదయితే గానీ ఎండ గుమ్మం దాటి లోపలికి రాదు. ఆయన పోయాక కూడా ఆ కొండల్లో ఎందుకున్నావు, వెలిగమ వచ్చెయ్యకూడదా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. ఈసారి అడక్కముందే చెబుతున్నాను, నాకిక్కడ పని దొరికింది. జీతం వచ్చే పని కాదులే. సోమ, గురువారాల్లో లైబ్రరీ మేడ మీద దమయంతి టీచర్ బొమ్మలు నేర్పుతోంది. మొత్తం పదకొండు మందిమి. అందరికన్నా పెద్దదాన్ని నేనే. మొదటిరోజు నన్ను చూసి, మనవరాలిని దింపడానికొచ్చిన అమ్మమ్మ అనుకుని బయట బెంచీ చూపించారు.

మేం చేసేవి ఒట్టి రంగుల బొమ్మలు కావు. ముందు మందపాటి కాగితం మీద టిష్యూ కాగితం అంటించి నేపథ్యం తయారు చేసుకుంటాం. దాని మీద రంగు, గుడ్డపీలిక, దారం, పాత ఉత్తరం ముక్క, ఏదైనా పెట్టొచ్చు. టీచరు దీన్ని మిక్స్‌డ్ మీడియా అంటుంది. మిగతావాళ్ళు నేపథ్యం త్వరగా ముగించేసి బొమ్మలోకి దూకుదామని చూస్తారు. నాకు మాత్రం ఆ నేపథ్యం దగ్గరే మనసు ఆగిపోతుంది.

ఇక్కడి కొట్లో దొరికే టిష్యూ కాగితం గరగరలాడుతుంది. తడిపినా రంగు దిగదు. మన బస్టాండు ఎదురు కొట్లో, వెసాక్ బుద్ధపున్నమి లాంతర్లకు నాన్న కొనే రకం కావాలి. తడి తగిలితే చాలు, రంగు కారిపోయి వేళ్ళకంటుకునేది చూడు, నాన్న తిట్టుకుంటూనే కొనేవాడు, ఆ రకం. ఎరుపు, నారింజ, తెలుపు, ముదురు నీలం, రకానికి పన్నెండు చొప్పున పంపు. దాంతో ఏం చేస్తున్నానో తర్వాత చూపిస్తాను. ఇప్పుడే చెబితే నవ్వుతావు.

బావ ఫొటో దగ్గర నా పేరు చెప్పి ఒక పువ్వు పెట్టు.

నీ నంగీ
స్వర్ణా


వెలిగమ
1999 ఫిబ్రవరి 22

బంగారు నంగీ, నా చిట్టి చెల్లీ,

నీ ఉత్తరం పోస్టుమాన్ ఎదురుగానే విప్పి చదివాను. ఎందుకు నవ్వుతున్నానో చెబితే గానీ కదల్లేదు ఆ మనిషి. యాభై అయిదేళ్ళకి బడికెళ్తున్నావా! చిన్నప్పుడు బడికి రమ్మంటే గుంజకు చుట్టుకుని ఏడ్చేదానివి. ఇప్పుడు ఎవరూ తోలకుండానే పోతున్నావు. మిక్స్‌డ్ మీడియా సంగతి నాకు తెలీదు, నాకు తెలిసింది మిక్స్చరు పొట్లమొక్కటే. అయినా వెళ్ళు. ఇంట్లో ఒక్కదానివీ కూచుని గోడతో మాట్లాడటం కన్నా నయం.

కాగితం కొన్నాను. కొట్టు ముసలాయన పోయాడు, ఇప్పుడు కొడుకు కూచుంటున్నాడు. "యసా అక్కా, వెసాక్ ఇంకా మూడు నెల్లుంది, అప్పుడే మొదలెట్టేశావేంటి?" అన్నాడు. "నాక్కాదయ్యా, మా చెల్లెలికి. బండారవెలలో బొమ్మలేస్తోంది" అన్నాను, పక్కవాళ్ళకి కూడా వినపడేలా. సైకిలు షాపు పియసేన వినిపించుకోలేదనిపించి ఇంకోసారి చెప్పాను.

ఒక్క మడత కూడా పడకుండా వెదురు బొంగుకు చుట్టి, పైన చాప ముక్కతో కట్టి పంపుతున్నాను. గాలి రాని గదిలో విప్పు. అంటించడానికి కొట్లో అమ్మే జిగురు వాడకు, మైదాతో లై కాచుకో. అందులో చిటికెడు మైలుతుత్తం వెయ్యడం మరిచిపోకు, లేకపోతే నీ కళని బొద్దింకలు తినిపోతాయి. అయినా లై కాచడం నీకు నేను చెప్పాలా? మనింట్లో ఆ కుండ నీదేగా. అంటించేటప్పుడు మాత్రం ఒళ్ళో పొడిగుడ్డ పెట్టుకో. నీ చెమట చేతుల సంగతి నీకు తెలిసిందే. కాగితం డోలు మీద తోలులా బిగుసుకోవాలి. ఎక్కడన్నా ముడత కనపడితే నాన్న, "ఎవరే ఇది చేసింది, పక్క మీంచి లేచొచ్చినట్టుంది!" అనేవాడు గుర్తుందా? నిన్న కొట్లో ఆ కాగితం చేత్తో పట్టుకోగానే ఆయన గొంతు వినపడినట్టయింది.

గుడిలో ఈ ఏడు కూడా నన్నే చెయ్యమన్నారు, ఎనిమిది మూలల లాంతరు. కళ్ళు సరిగా ఆనడం లేదు గానీ చెయ్యి ఇంకా మాట వింటోంది.

అక్క
యసావతి


బండారవెల
1999 మార్చి 12

అక్కా,

కాగితం భద్రంగా వచ్చింది. విప్పగానే మొహం దగ్గర పెట్టుకుని వాసన చూశాను. వెసాక్ ముందు మన వరండా అంతా ఇదే వాసన ఉండేది. వెదురు బద్దలు చీలుస్తూ నాన్న, నేల మీద కాళ్ళు చాపుకుని కత్తెరతో నువ్వు, వంటింటి గుమ్మంలో పొయ్యి ముందు నేను. ఆ మూడు వారాలూ అమ్మ మనకు అన్నం అక్కడికే తెచ్చి పెట్టేది. లై చేతులతోనే తినేవాళ్ళం. అంత సంతోషం మళ్ళీ ఏ ఇంట్లోనూ నాకు కనపడలేదు.

చెమట చేతుల మాట మాత్రం మళ్ళీ ఎత్తకుండా ఉంటే బాగుండేది. నవ్వులాటకే రాశావని తెలుసు. అయినా రెండు రోజులు కాగితం ముట్టుకోలేదు.

ఇక అసలు సంగతి. మే పదిహేనున బదుల్లలో మా క్లాసువాళ్ళ ప్రదర్శన. తలా ఒక గోడ ఇస్తారు. ఈ చుట్టలో ఆరు నేపథ్యాలు పంపుతున్నాను. ఇవి నేను చేసినవి. ఒక్కోదాని మీదా నువ్వు తెల్లకాగితంతో ఒక లాంతరు కత్తిరించి అంటించాలి, నీ సన్న కత్తెర పనితో, కుచ్చుల తోకలతో సహా. ఎక్కడ అంటించాలో వెనకవైపు పెన్సిలుతో గుర్తు పెట్టాను. ఏప్రిల్ నెలాఖరుకు నా చేతికి వస్తే, పైన చివరి రంగు నేను వేసుకుంటాను.

అక్కా, మనిద్దరం కలిసి ఒక్క లాంతరు కూడా చెయ్యలేదు. నాన్నా నువ్వూ చేశారు, నేను లై కాచాను. ఇన్నేళ్ళకి ఒక గోడ మీద నా చేతిపనీ నీ చేతిపనీ పక్కపక్కన కనపడాలని ఉంది. బొమ్మలు అమ్ముడవక్కర్లేదు, ఎవరూ మెచ్చుకోకపోయినా ఫర్వాలేదు. నాకిది కావాలి.

నేపథ్యాల గురించి ఏమీ చెప్పను. నువ్వే చూసి, ఎలా ఉన్నాయో రాయి. నీ ఉత్తరం కోసం కాచుక్కూచుంటాను.

నంగీ
స్వర్ణా


వెలిగమ
1999 ఏప్రిల్ 1

నంగీ,

భయపడకు. అన్నీ బాగుచేశాను.

చుట్ట విప్పగానే నా ప్రాణం ఉసూరుమంది. ఆరుకి ఆరూ నలిగిపోయి ఉన్నాయి. చెత్తబుట్టలోంచి ఏరి తెచ్చినట్టు ఎక్కడ చూసినా ముడతలే. వెంటనే తీసుకెళ్ళి పోస్టాఫీసులో పరిచాను. "ఇదేనా మీరు పార్సిలు మోసే పద్ధతి?" అని కడిగేశాను. ఆ గుమాస్తా, "అమ్మా, చుట్ట చెక్కుచెదరలేదు కదా, లోపలిది మేమెలా నలుపుతాం?" అన్నాడు. మళ్ళీ చుట్టుకుని ఇంటికొచ్చాను. నిజమే, చుట్ట బాగానే ఉంది. అప్పుడు అర్థమయింది. పోనీలే నంగీ, చేతులు పుట్టుకతో వచ్చినవి, దానికి నువ్వేం చేస్తావు? ఈ సంగతి ఎవరికీ చెప్పను.

రెండు రోజులు పట్టింది. మొదట తడిగుడ్డ పరిచి లై మెత్తబడనిచ్చాను. తర్వాత అరచేత్తో, మధ్యలోంచి అంచులకి, ఓపిగ్గా లాగాను. అమ్మ పున్నమి పోయ రోజుల్లో గుడికి కట్టుకెళ్ళే తెల్లచీర ఉందిగా, దాన్ని పైన వేసి, కొబ్బరిచిప్పల బొగ్గులు పోసి ఇస్త్రీ చేశాను. ఆఖరున పరుపు కింద పెట్టి దాని మీదే పడుకున్నాను. నారింజదయితే మూడుసార్లు చెయ్యాల్సొచ్చింది, మొండిది. రంగు అక్కడక్కడా కారింది, గుడ్డతో అద్దాను. ఇప్పుడు చూస్తే నువ్వే గుర్తుపట్టవు. ఒక్క ముడత కనపడితే ఒట్టు! నాన్న చూసినా వేలెత్తి చూపలేడు.

లాంతర్లు కత్తిరించడం మొదలుపెట్టాను. నాలుగయ్యాయి. కళ్ళద్దాల మీద ఇంకో కళ్ళద్దం పెట్టుకుని కోస్తున్నాను, పక్కింటి నోనా చూసి కప్పలా ఉన్నావంది. నీ గోడ గురించి ఊరంతా చెప్పాను. కొత్త సంవత్సరానికి కొకిస్ పిండివంట చేసి, వాటితో పాటే పంపుతాను.

సంతోషంతో
అక్క


బండారవెల
1999 ఏప్రిల్ 7

అక్కా,

ఇస్త్రీ చేశావా?

నలిపింది నేనే. కావాలని నలిపాను. ఒక్కో కాగితం నలపడానికి ఎంతసేపు పట్టిందో తెలుసా నీకు? పిడికిట్లో మెల్లగా మూసి, చిరగకుండా విప్పి, మళ్ళీ ఇంకో వైపు నుంచి మూసి, తిరిగి విప్పాలి. అది మెత్తబడి పాత గుడ్డలా అవుతుంది. అప్పుడు పల్చటి లై పూసిన కాగితం మీద దాన్ని పరిచి, బ్రష్షుతో అద్దుతూ ముడతల్ని కావలసిన వైపు తోసుకుంటాం. ఎక్కడ వాగులా సాగాలి, ఎక్కడ కొండలా గుంపుగా లేవాలి అని ఒక్కో ముడతా చూసి చూసి పెట్టాను. తడికి రంగు ఒకదాంట్లోకి ఒకటి దిగుతుంది. బాగా ఆరాక, బ్రష్షుకు తెల్లరంగు అద్ది, గుడ్డకు తుడిచేసి, ఉందా లేదా అన్నంత రంగుతో పైపైన రుద్దితే ముడతల అంచులకే అంటుకుని మెరుస్తుంది. క్లాసులో అందరూ నా దగ్గరికొచ్చి, "ఆంటీ, మీకెలా వస్తుందిది?" అని అడుగుతారు. టీచరయితే నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. కొంచెం తేమ ఉన్న చేతుల్లో కాగితం చిరగదట. అందుకే నాకు బాగా వస్తోందంది.

నువ్వేమో, "చేతులు పుట్టుకతో వచ్చినవి, ఎవరికీ చెప్పను" అన్నావు.

బుద్ధజయంతి ఏటి పెద్ద వెసాక్ నీకు గుర్తుండే ఉంటుంది. నాకు పన్నెండేళ్ళు, నీకు పదిహేడు. బస్టాండు కూడలికి నాన్న నిలువెత్తు తెల్ల లాంతరు చేశాడు. అందులో ఒక్క పలక అంటించేటప్పుడు నన్ను అంచు పట్టుకోమన్నారు. అది ముడతపడింది. నాన్న బిగుసుకోవడానికి నీళ్ళు చిలకరిస్తే నిలువునా చిరిగింది. తెల్లకాగితం అయిపోయింది. గులాబీరంగు అతుకు వేసి ఎక్కించారు, ఊరంతా చూసి నవ్వింది. నాన్న వీధిలోవాళ్ళందరి ముందూ నా అరచేతులు తెరిచి చూపించాడు. "ఈ చెమట చేతులదాన్ని ఇంకెప్పుడూ కాగితం దగ్గరికి రానివ్వకండి" అన్నాడు. రానివ్వలేదు. పెళ్ళయి ఇక్కడికి వచ్చేదాకా నేను లై కాస్తూనే ఉన్నాను.

ఈ ఆరింటిలో ఉన్నవి నా ముడతలు. వాటిని కూడా తుడిచేశావు. ఇంక పంపొద్దు. నువ్వే ఉంచుకో.

స్వర్ణా


వెలిగమ
1999 ఏప్రిల్ 17

శ్రీమతి స్వర్ణా గారికి,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. కొకిస్ విడిగా పంపాను, అవి ముడతలుగానే ఉంటాయి, ఇస్త్రీ చెయ్యలేదు.

నలిపావని నాకెలా తెలుస్తుంది? ఒక్క ముక్క రాశావా? "ఏమీ చెప్పను, నువ్వే చూడు" అన్నావు. చూశాను. నాకు తెలిసిన కాగితం పని నాకు తెలిసినట్టే చూశాను. నలపడం కూడా కళే అయితే మా వీధి మేకని కూడా మీ క్లాసులో చేర్చు, అది నమిలి మరీ ఇస్తుంది.

రెండు రోజులు నడుం వంచి పనిచేశాను. మోకాలు వాచింది. చెల్లెలి పరువు కాపాడాననుకున్నాను. దానికి నువ్వు రాసిన ఉత్తరం ఇది. పండగ పూట పాలన్నం ముట్టలేదు. నోనా వచ్చి, "ఏం యసా, చెల్లి రాసిందా?" అంటే రాయలేదని అబద్ధమాడాను.

ఆ పాత వెసాక్ సంగతి ఎందుకు తవ్వుతావు? నాన్న పోయి ఇరవై రెండేళ్ళయింది. ఆయన్ని ఇప్పుడు బోనెక్కించకు. పెద్ద పని, చుట్టూ జనం, ఏదో కోపంలో ఓ మాట అన్నాడు. అందరి నాన్నలూ అంటారు.

పంపొద్దన్నావు. సరే, పంపను.

యసావతి


బండారవెల
1999 ఏప్రిల్ 25

అక్కా,

కొకిస్ అందాయి. బాగున్నాయి.

నాన్నని నేను బోనెక్కించలేదు. పన్నెండేళ్ళప్పుడు నేనే ఎక్కాను, ఇంకా దిగలేదు. నువ్వు ఆయన పక్కనే నిలబడ్డావు కాబట్టి నీకు అది ఒక మాట.

టీచరుతో చెప్పేశాను, నా గోడ ఇంకెవరికైనా ఇవ్వమని. ఆమె వినలేదు. "మే పదో తేదీ దాకా ఖాళీగా ఉంచుతాను. ఆ తర్వాత నా చేతిలో ఉండదు" అంది. కొత్తవి చెయ్యొచ్చు కదా అని కూడా అంది. చెయ్యొచ్చు. నువ్వు పంపిన కాగితం ఇంకా సగం ఉంది. నాకే మనసు రావడం లేదు. నీ చెయ్యి పడని గోడ నాకెందుకు? నాకు బొమ్మలు వేసే మనిషిననిపించుకోవాలని లేదు అక్కా. నీ పక్కన కూచోబెట్టుకుంటావా లేదా అని చూశాను. ఈ వయసులో ఇలా అడగడం సిగ్గుగానే ఉంది.

మోకాలికి ఆవనూనె వేడిచేసి రాయి.

స్వర్ణా


వెలిగమ
1999 మే 2

నంగీ,

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు బల్ల మీద ఒక ఎర్రకాగితం పెట్టుకుని కూచున్నాను, నలుపుదామని. నవ్వకు. కాగితం మీద చెయ్యి వేశాను గానీ వేళ్ళు మూసుకోలేదు. యాభై ఏళ్ళు ఈ కాగితాన్ని సాపు చేసిన చేతులివి. రెండోసారి కళ్ళు మూసుకుని నలిపాను. చప్పుడికి, వెనక నాన్న నిలబడ్డాడేమో అని తిరిగి చూశాను. విప్పబోతే రెండు ముక్కలయింది. మూడోది కూడా అంతే. నాలుగోది చిరక్కుండా వచ్చింది గానీ, తుడుచుకోవడానికి పనికొచ్చేలా ఉంది, నీ దాంట్లో ఉన్న వాగూ లేదు, కొండా లేదు. ఎంత పని చేసి పంపావో అప్పుడు తెలిసింది. తెలిశాక ఇంకో సంగతి కూడా దాచుకోలేకపోయాను.

నంగీ, ఆ ముడత నీది కాదు.

ఆ రోజు పలకకి నువ్వు ఒక వైపు పట్టుకున్నావు, నేను రెండో వైపు లై రాసి అంటిస్తున్నాను. నీ వైపు అంచు బిగుతుగానే ఉంది. నీ చేతులు చెమటతో తడిసి ఉన్నా, నాన్న ఎలా పట్టుకోమన్నాడో అలాగే, ఊపిరి బిగబట్టి పట్టుకున్నావు. అప్పుడు వీధిలో సైకిలు గంట మోగింది. మీ బావ. అప్పటికింకా బావ కాదు, విల్బర్ట్, రోజుకు నాలుగుసార్లు పనేమీ లేకుండా మన ఇంటి ముందు నుంచి పోయేవాడు. నేను తలెత్తి చూశాను. అంతే, నా చేతి కింద కాగితం జారింది. చూసుకునేసరికి లై పట్టేసింది. లాగితే చిరుగుతుందని ఊరుకున్నాను. నాన్న కంటికి ఆనదనుకున్నాను.

చిరిగాక నాన్న, "ఎవరే ఇది?" అని అరిచాడు చూడు, నేనేమీ అనలేదు. నీ వైపు చూశాను. ఒక్క చూపు. ఆయనకు అది చాలింది.

ఆ సాయంత్రమే చెప్పేద్దామనుకున్నాను. చెబితే సైకిలు సంగతి కూడా చెప్పాలిగా, భయమేసింది. మర్నాడు అమ్మ నీ జడ వేస్తూ, "పోనీలేవే, లై కాచడం కూడా పనే" అంటే, నువ్వు తలూపడం చూశాను. అప్పుడైనా చెప్పాల్సింది. తర్వాత పెళ్ళయింది, పిల్లలు, నీ పెళ్ళి, నువ్వు కొండలకు వెళ్ళిపోవడం. నువ్వు ఎప్పుడూ అడగలేదు కాబట్టి మరిచిపోయావనుకున్నాను. మరిచిపోవాలని కోరుకున్నాను, అది నిజం. చెమట చేతులని నేనే ఎందుకు అన్నిసార్లు ఎగతాళి చేశానో ఇప్పుడాలోచిస్తే నా మీద నాకే అసహ్యంగా ఉంది. నవ్వులాట చేస్తూ ఉంటే అబద్ధం చిన్నదవుతుందనుకున్నానేమో.

ఇంకొకటి. ఆస్పత్రిలో నాన్న చివరి వారం నా చెయ్యి పట్టుకుని, "నా చెయ్యి నీకే వచ్చిందమ్మా, ఏ రోజూ ముడత పడనివ్వలేదు" అన్నాడు. నువ్వు రైలులో ఉన్నావప్పుడు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. చెప్పలేదు. ఆ మాట పోగొట్టుకోవాలనిపించలేదు, నంగీ. నాది కాని మాటని ఇరవై రెండేళ్ళుగా దాచుకున్నాను.

ఆరింటి మీదా లాంతర్లు అంటించి పంపుతున్నాను, వద్దన్నా సరే. నీ ముడతలు మాత్రం తిరిగి ఇవ్వలేను. చింపి పారేసినా నేను ఏమీ అనను. జవాబు రాయాలని లేకపోతే రాయకు.

యసా


బండారవెల
1999 మే 19

అక్కా,

చుట్ట ఏడో తేదీన వచ్చింది. ముందు ఉత్తరం చదివాను. తర్వాత చుట్ట విప్పకుండా మూలన పెట్టి, గుమ్మంలో కూచుని ఏడ్చాను. మళ్ళీ చదివి మళ్ళీ ఏడ్చాను. నా చేతులు మంచివేనని నాన్నకి తెలియకుండానే పోయాడు. దానికి నిన్నేం చెయ్యాలో నాకు తెలియడం లేదు. నీకు పదిహేడేళ్ళు, భయపడ్డావు, అది అర్థమవుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఆస్పత్రి మంచం పక్కన కూచున్నదానివి ఎందుకు చెప్పలేదో మాత్రం ఎంత ఆలోచించినా నాకు మింగుడు పడటం లేదు.

తొమ్మిదో తేదీ పొద్దున్న చుట్ట విప్పాను. నీ లాంతర్లు చూసి కాసేపు కోపం కూడా మరిచిపోయాను, ఆ కుచ్చులు గాలికి కదులుతాయేమో అనిపించింది. కింద నేపథ్యం మాత్రం నున్నగా, బల్లచెక్కలా ఉంది. చింపేద్దామని నారింజదాన్నే ముందు తీశాను. చింపే ముందు ఎందుకో బ్రష్షుకు తెల్లరంగు అద్ది, తుడిచేసి, ఓ మూల రుద్ది చూశాను.

అక్కా, గీతలు లేచాయి. నువ్వు మూడుసార్లు ఇస్త్రీ చేసినా, పరుపు కింద పెట్టుకు పడుకున్నా, అవి పోలేదు. కొండలు, వాగులు లేవు. వెంట్రుకంత సన్నటి గీతలు, కాగితమంతా, నలిపిన చోటల్లా. అంత సన్నటివి నేను ఎంత నలిపినా రావు. మీద నీ లాంతరు తెల్లగా నిలబడింది. సాయంత్రానికి ఆరూ పూర్తిచేశాను. చెయ్యి ఆగలేదు. పదో తేదీ మధ్యాహ్నం, తలుపులు వేసే వేళకి టీచరు చేతిలో పెట్టాను.

గోడ నిండింది. చాలామంది చూశారు. ఒక పెద్దాయన ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళి, ఈ గీతలు ఎలా వేశారని అడిగాడు. ఒకరు నలిపారు, ఒకరు ఇస్త్రీ చేశారని చెప్పాను. వేళాకోళం అనుకుని వెళ్ళిపోయాడు. కింద చీటీ మీద స్వర్ణా, యసావతి అని రాశాను. "పెద్దవారి పేరు కదా ముందుండాలి" అంది టీచరు. ఈసారికి ఇలాగే ఉండనివ్వమన్నాను.

నేను కోరుకున్నది దొరికింది. ఆ గోడ ముందు నిలబడితే సంతోషంగానే ఉంది. కానీ నిన్ను క్షమించేశానని రాస్తే అబద్ధమవుతుంది. మనింట్లో అబద్ధాలు ఇప్పటికి చాలు. నాకు చాలా కోపంగా ఉంది. పొద్దున లేస్తూనే వస్తోంది. రాద్దామని కూచుంటే ఏ మాటా చాలటం లేదు, నాలుగు కాగితాలు చింపాను.

అందుకని నువ్వే రా. గుడి లాంతరు పని ముగించుకుని, జూన్ మొదటి వారంలో బదుల్ల రైలెక్కి బండారవెలలో దిగు. నేను స్టేషనుకి వస్తాను. మోకాలికి కొండదారి కష్టం, ఆటో మాట్లాడి ఉంచుతాను. ఎదురుగా కూచోబెట్టి అంతా అడగాలి, అరవాలి, నువ్వు వినాలి. రెండు రోజుల్లో తిరిగిపోతాననకు. నెల రోజులకు సరిపడా బట్టలు తెచ్చుకో. నలభై మూడేళ్ళ కోపం, అక్కా, తొందరగా అయ్యేది కాదు.

నీ నంగీ
స్వర్ణా